పద్నాలుగు తలలు

ఐయోవాలో పార్టీవాళ్లు అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకునే సాయంత్రం, బడి వ్యాయామశాలలో తలలు లెక్కపెట్టేది వెర్నాయే. నచ్చిన అభ్యర్థి మూలకు చేరిన ఒక్కొక్కరి భుజం తట్టి, అంకె గట్టిగా పలుకుతుంది. కనీసం పదిహేనుమంది లేని మూల చెదిరిపోవాలి. ఈసారి ఆమె సొంత మూలలో తనతో కలిపి పద్నాలుగుమందే ఉన్నారు.

"మా ఆవిడ కడుపులో బిడ్డనీ కలుపుకో వెర్నా ఆంటీ!" అన్నాడు వెనకనుంచి ఒకడు.

"ఓటొచ్చాక తీసుకురారా," అంది. మళ్లీ లెక్కపెట్టింది. పద్నాలుగే.

"ఈ మూల చాల్లేదు, వేరేచోటికి వెళ్లండి," అని తనే ప్రకటించి, కోటుకు పెట్టుకున్న తన అభ్యర్థి పేరు బిళ్ల ఊడదీసి జేబులో వేసుకుంది. ఎదుటి మూలలో ఉన్న భర్త ఆర్విడ్, ఆర్నెల్లుగా భోజనాల దగ్గర ఆమెతో వాదిస్తున్నవాడు, బెంచీ మీద కాస్త జరిగి చోటిచ్చాడు. వెర్నా ఆ మూలవాళ్లను లెక్కపెడుతూ వెళ్లి, చివర అతని భుజం తట్టి, "ముప్పై ఒకటి," అంది. తర్వాత తన భుజమే తట్టుకుని, అంతే గట్టిగా, "ముప్పై రెండు," అంది.