నర్సప్ప దగ్గుకు అడ్డసరం

1938 వేసవి. గద్వాలలో మా నాన్నగారి చేతి నుంచి వైద్యవృత్తి అందుకుని అప్పటికి పన్నెండేళ్లు. దగ్గు అంటే చాలు, నా చేయి అడ్డసరం ఆకు మీదికే పోయేది. కంచెల వెంట పెరిగే ఆ చెట్టును మేకలు కూడా ముట్టవు, అంత చేదు. ఆ మందు మీద నాకు నమ్మకమే కాదు, కాస్త గర్వం కూడా ఉండేది.

నర్సప్ప చీరలు నేసే మనిషి. తెలకపల్లి రైతు బిడ్డ పెండ్లికి, ఎర్ర పట్టు అంచుతో తెల్లని నూలు చీర నేసిస్తానని ఒప్పుకున్నాడు. ఇంతలో దగ్గు పట్టుకుంది.

"అయ్యా, దగ్గుకుంట కూసుంటే పోగులు తెగుతయి. పెండ్లికి చీర అందకుంటే మల్ల నాకెవ్వరు పని చెప్తరు?" అన్నాడు.

అడ్డసరం ఆకు, మిరియాలు వేసి, నీళ్లు నాలుగో వంతు మిగిలేదాకా కాచి రెండు పూటలా ఇమ్మని అతని భార్య లింగమ్మకు చెప్పాను.

ఆరు రోజులైనా దగ్గు తగ్గలేదు.

"నా చేతులతోనే ఇస్తున్న అయ్యా. గిన్నె ఖాళీ అయితుంది, దగ్గు మాత్రం పోతలేదు" అంది లింగమ్మ.

క్షయ కాదు కదా అని భయపడ్డాను. వెంటనే ఆమె వెంట వాళ్లింటికి వెళ్లాను. వాకిట్లో దండెం మీద పెండ్లి చీర నూలు ఆరుతోంది. మల్లెపువ్వులా ఉండాల్సింది లేత పసుపుగా ఉంది.

"నానబెట్టిన కాగుది తప్పో, నీళ్లది తప్పో తెల్వదు" అంది లింగమ్మ దిగులుగా.

నాకు అనుమానం వచ్చింది. ఒక పోగు తెంపి నాలుక మీద పెట్టుకున్నాను. ఆ చేదు నాకు కళ్లు మూసుకున్నా తెలుస్తుంది.

"నర్సప్పా, దగ్గు నీకా, నూలుకా?"

అతను తల వంచుకున్నాడు. "కోపం చేయకు అయ్యా. నోట్ల పెడితే పేగులు బయటికొస్తున్నయి. తాగనంటే ఈమె ఊకోదు. పక్కనే నూలు నానబెట్టిన కాగు ఉండె..."

"ఓయమ్మో! నేను పొద్దుగాల లేసి కాస్తుంటే నువ్వు నూలుకు తాపుతున్నవా?" అని లింగమ్మ నెత్తి కొట్టుకుంది. మరుక్షణం ముగ్గురం పడీ పడీ నవ్వాం. దగ్గు తగ్గనిది మందు తాగకే అని తెలిసి నాకైతే ప్రాణం లేచి వచ్చింది.

నిజానికి తప్పు నాది కూడా. మందును దేనితో కలిపి ఇస్తామో దాన్ని అనుపానం అంటాం. నాన్నగారు అడ్డసరాన్ని తేనె లేకుండా ఇచ్చేవారు కారు. నేను నా చేదును చూసుకుని మురిసిపోయాను. మన్ననూరు అడవి తేనె కలిపి ఇస్తే నర్సప్ప గిన్నె నాకి మరీ తాగాడు. ఐదో రోజుకల్లా మగ్గం గుంటలో దిగి కూర్చున్నాడు.

చీర పెండ్లికి రెండు రోజుల ముందే తయారైంది. పెండ్లికూతురి తల్లి తీసుకుపోవడానికి వస్తోందని తెలిసి నేనూ వెళ్లాను. ఆమె చీరను ఎండలో పట్టి చూసింది. ఆ లేత పసుపు పోనేలేదు.

"తెల్ల చీర తీస్కపోయి పసుపుల ముంచుదామనుకుంటిమి. మీరే ముంచిన్రా? మంచిగ చేసిన్రు!" అంది.

నర్సప్పకు మళ్లీ దగ్గు వచ్చింది. ఈసారిది నవ్వును దాచుకునే దగ్గు.

రోగం తగ్గకపోతే మందును అనుమానించే ముందు, అది ఎవరు తాగారో చూడాలని ఆనాడు నేర్చుకున్నాను. అప్పటి నుంచి మొదటి మోతాదు నా ఎదుటే తాగిస్తాను. లింగమ్మ మాత్రం ఎప్పుడు కనిపించినా ఒకటే మాట అనేది: "అయ్యా, మీ మందు మంచిదే. గా చీర ఒక్కనాడన్న దగ్గలె!"