గడపకు లోపల నాయన, బయట అమ్మ

"చారులో ఉప్పు జాస్తిగా ఉండాదిమే" అన్నాడు ఆయన. "రేపు తగ్గించి ఏస్తాలే, తిను" అన్నాను. మా ఇద్దరి మధ్య చివరి మాటలు అవే. మర్నాటికి ఆయన లేడు. అరవై ఏళ్లకు దగ్గరగా కాపురం చేశాం గానీ, ఆయన ఒక్కనాడూ వంటింటి గడప దాటి లోపలికి వచ్చింది లేదు, రమ్మని నేను పిలిచిందీ లేదు. ఎందుకు పిలవలేదో ఓపిక ఉన్నంతవరకు చెబుతాను. రాసేది నా మనవరాలు. నాకు వేలిముద్ర తప్పి సంతకం దాకా వచ్చింది, అంతే చదువు.

పిల్లకు పెళ్లయి ఆరు నెలలు. తిరుపతిలో కాపురం. మొగుడూ పెళ్లామూ కలిసి చేసుకునే సులువైన వంటలు చెప్పవ్వా, రాసుకుంటాను అని నా పక్కన కూర్చుంది. వంటలు చెప్పాలనే నోరు తెరిచాను. ఇంతలో దాని మొగుడు గ్యాసు మంట మీద వంకాయ కాలుస్తుంటే ఆ పొట్టు కమురు వాసన ఈ గదిలోకి వచ్చి, నన్ను వడమాలపేట దగ్గర మా నాయన ఇంటికి లాక్కుపోయింది.

నాకప్పుడు ఎనిమిదేళ్లు. యుద్ధం రోజులు. కిరసనాయిలు దొరికేది కాదు కాబట్టి ఎండ ఉండగానే వంట, వెలుతురు ఉండగానే తిండి. ఇంట్లో పెత్తనమంతా మా అవ్వది, నాయనను కన్నతల్లిది. ఆమె ఎదుట అమ్మా నాయనా ఒక్క మాట మాట్లాడుకోగా నేను వినలేదు. నాయన తిని లేచాక, అవ్వ తిన్నాక, అమ్మ పొయ్యి పక్కన కూర్చుని చట్టిలో మిగిలింది ఊడ్చుకుని తినేది. నెలకు మూడు రోజులు ఆడది ఇంట్లో దేన్నీ ముట్టకూడదు గదా, ఆ మూడు రోజులూ అమ్మ పెరట్లో గొడ్ల చావిడి పక్కన చాప వేసుకుని కూర్చునేది, అవ్వ వండేది.

ఆ ఏడు వానలు పడి చెనిక్కాయ, అదే వేరుశెనగ, చేలు పూత మీదున్నప్పుడు, గూడూరులో మా మేనత్త కడుపుతో ఉండి కదలకూడదన్నారని, కాన్పు చేయడానికి అవ్వ రైలెక్కిపోయింది. మూడు నెలలు రాలేదు. అమ్మ బయట కూర్చునే రోజు రానే వచ్చింది. సంగటి కుండ దించే వయసు నాకు లేదు. నాయన పంచె ఎగ్గట్టి పొయ్యి ముందు కూర్చున్నాడు. వంటింటి వెనక తలుపు బార్లా తీసి పెట్టారు. గడపకు లోపల నాయన, బయట నాలుగు బారల దూరంలో అమ్మ.

"నీళ్లు తెర్లినాయా?" అని అమ్మ అడిగింది.

"తెర్లినాయో తిట్టినాయో, ఏందో కుతకుత చప్పుడైతాండాది."

"పిండి పోసి గెలకాకు. నడిమిన కట్టెతో బొక్క పెట్టి మూతెయ్యి."

కాసేపటికి కుండను పాదాల సందున ఇరికించుకుని, చెమటలు కారుస్తూ గెలికి, ఉండలు కట్టిన ముద్ద ఒకటి తీసి చూపించాడు.

"సంగటా అది, చెనిక్కాయల మూటా?" అంది అమ్మ.

"నోరుండాదని అనాకు. నువ్వొచ్చి గెలుకు, సూస్తాం."

"నేను లోపలికొస్తే మీయమ్మ గూడూరు నుంచి నడిచొస్తాది."

ఇద్దరూ నవ్వారు. వాళ్లు కలిసి నవ్వడం నేను మొదటిసారి విన్నాను.

రెండో నెలకు నాయన చెయ్యి కుదిరింది. నిప్పుల్లో వంకాయలు కాల్చి, వేళ్లు ఊదుకుంటూ పొట్టు ఒలిచి, పచ్చిమిరపకాయలూ చింతపండూ ఎర్రగడ్డలూ వేసి చేత్తో పిసికేవాడు. వేయించిన చెనిక్కాయ విత్తనాలు రోట్లో కచ్చాపచ్చాగా నూరి ఊరుబిండి చేసేవాడు. పెరట్లో మొలిచిన ఆకులన్నీ, ఏది కూరాకో ఏది పిచ్చాకో అమ్మ బయటి నుంచి వేలెత్తి చూపిస్తుంటే తుంచుకొచ్చి, ఉడకబెట్టి, పప్పుగుత్తితో ఎనిపి పుల్లకూర చేసేవాడు. అమ్మ రుచి చూడకూడదు కాబట్టి నా అరచేతిలో ఒక బొట్టు వేస్తే నేను నాకి చెప్పాలి. అయ్యాక ఆకులో పెట్టి అమ్మ ముందు నేల మీద ఉంచి, తన ఆకు తెచ్చుకుని గడప మీద కూర్చునేవాడు. మొగుడూ పెళ్లామూ ఒకే వేళకు ఎదురెదురుగా తినడం మా ఇంట్లో అదే మొదలు. మూడో నెలలో అమ్మ రెండుసార్లు బయట కూర్చుంది. నాకు పండగే అయింది.

కాయ పీకే వేళకు అవ్వ తిరిగొచ్చింది. నా తల దువ్వుతూ, అమ్మ బయటుంటే కూడు ఎవరు వండారని అడిగింది. నేను గొప్పగా చెప్పాను.

"నాయనే, అవ్వా. పోయిన నెల్లో అమ్మ రెండు తూర్లు కూసునింది."

దువ్వెన ఆగింది. అవ్వకు అనుమానం రాలేదు, భయం పట్టుకుంది. నెలకు రెండుసార్లంటే రక్తం పోయే జబ్బేనని తీర్మానించి, పుత్తూరు పక్కనున్న నాటువైద్యుడి దగ్గర చెక్కలూ వేర్లూ తెచ్చి, ముంతెడు నీళ్లు గ్లాసెడయ్యేదాకా కాచి అమ్మ చేత పొద్దునా సాయంత్రమూ తాగించింది. పైగా పథ్యం. ఉప్పు లేదు, పులుపు లేదు. నిజం చెప్పే దారి లేక అమ్మ కళ్లు మూసుకుని తాగేది. దవడలు లోపలికి పోయాయి.

పదిపన్నెండు రోజులు చూశాడు నాయన. ఒక పొద్దున గొడ్లకు మేత వేసి వచ్చి, అవ్వ చేతిలోని గ్లాసు తీసుకుని పెరట్లో పారబోశాడు.

"ఆమెకి జబ్బేం లేదు మా. రెండో తూరి కూసోమనింది నేనే."

"ఏంటికి రా?"

"ఇద్దరం కలిసి వండుకునేదానికి."

అవ్వ తిట్టి ఉంటే బాగుండేది. "అట్లనా" అంది. గ్లాసు కడిగి బోర్లించింది. ఆ తర్వాత ఇల్లు వదల్లేదు. మేనత్తకు మళ్లీ కాన్పని గూడూరు నుంచి మనిషి వచ్చినా పోలేదు. అమ్మ బయటున్న రోజుల్లో వెనక తలుపుకు గడియ పడేది. నాయన మళ్లీ పొయ్యి ముందు కూర్చోలేదు. అవ్వ పోయేనాటికి వాళ్లిద్దరికీ మాట్లాడుకునే అలవాటే తప్పిపోయింది.

నేను చేసిందేమిటో పెద్దమనిషినై అదే చాప మీద కూర్చున్నాకే తెలిసింది. అమ్మ నన్ను ఒక్క మాటా అనలేదు. నా మొగుణ్ణి వంటింట్లోకి పిలవాలని నోటిదాకా వచ్చిన ప్రతిసారీ, అమ్మ కళ్లు మూసుకుని ఆ గ్లాసు ఎత్తడమే కనబడేది.

ఇప్పుడు బయట కూర్చునేవాళ్లు లేరు. పోతే పోయింది, అది పోవలసిందే. గొడ్ల చావిడి లేదు, ఆ ఇల్లూ లేదు. అమ్మ అబద్ధమాడి సంపాదించుకున్న ఆ మూడు రోజుల సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను.

"వంటలడిగితే ఇది చెప్పినాను పాపా. ఆ మాట అప్పుడొక తూరి మాయవ్వ కాడ నోరు జారినాను. ఇప్పుడు నీకు చెప్పింది రెండో తూరి. మొదట్నించి సదువు, ఇంటాను. ఉంచేదో కొట్టేసేదో ఇన్నాక చెప్తాను."