కాశిం కిటికీలో హోయా

1986లో నరసరావుపేటలో మాది చిన్న నర్సరీ. మల్లె, గులాబీ అంట్లే ఎక్కువగా పోయేవి. హ్యాంగింగ్ బాస్కెట్లు, అంటే ఇనుప తీగ బుట్టలో కొబ్బరి పీచు పరిచి మొక్క నాటి వేలాడదీసేవి, అడిగేవాళ్లు అరుదు.

ఆ వానాకాలం మస్తాన్‌బీ అనే ఆవిడ వచ్చింది. ఆమె భర్త కాశిం మాచర్ల వైపు క్వారీలో లారీకి నాపరాళ్లు ఎత్తుతూ పడ్డాడు. వెన్ను దెబ్బతిని కాళ్లు పడిపోయాయి. అప్పటినుంచి ఎవరితోనూ మాట్లాడడట, గోడవైపు తిరిగి పడుకుంటాడట. తల ఎత్తితే పూలు కనబడాలని ఆమె కోరిక. హోయా ఇచ్చాను. దళసరి ఆకుల తీగ అది, మైనంతో చేసినట్టుండే పూలగుత్తులు వేస్తుంది. ఎర్రటెండ తగలకుండా, వెలుతురు బాగా వచ్చేచోట కట్టమన్నాను.

మరుసటి ఏడాది మళ్లీ వచ్చి ఒక్క మొగ్గయినా వేయలేదంది. వెళ్లి చూశాను. బుట్ట చీకటి మూలలో, సరిగ్గా మంచం పైన వేలాడుతోంది. ఆకులు పాలిపోయాయి. వీధి కిటికీ దగ్గరికి మార్చాలన్నాను.

కాశిం అప్పుడు నోరు విప్పాడు. "మారిస్తే నాకేం కనపడిద్ది అన్నా? ఉండనీ."

"ఇక్కడుంటే చచ్చిపోద్ది. మంచం కూడా అటే జరుపుదాం."

అతను తల అడ్డంగా ఊపాడు. దారిన పోయేవాళ్లు తన కాళ్లు చూస్తారని బాధ. అందుకే ఆ మూలకు చేరాడని మస్తాన్‌బీ నాకు తర్వాత చెప్పింది. నేను బలవంతపెట్టలేదు. మొక్కనైనా బతికిద్దామని బుట్ట విప్పుతుంటే దానివైపే చూస్తూ ఉండిపోయాడు.

"ఏమే, ఆ దుప్పటి ఇటియ్యి," అన్నాడు భార్యతో. కాళ్ల మీద కప్పించుకుని, "ఇంక జరపండి," అన్నాడు.

ఆ తర్వాతి ఎండాకాలం పనిమీద ఆ వీధికి వెళ్లాను. ఇల్లు ఇంకా దూరం ఉండగానే అతని గొంతు వినిపించింది. పక్కింటావిడ కిటికీ ఊచల్లోంచి చెయ్యి పెట్టి పూలగుత్తి అందుకోబోతోంది.

"కాడ తెంపబాక అక్కా. పూలు రాలినా అది ఉంటే మళ్లీ ఆడ్నే పూసిద్ది."

హోయా సంగతి అంతే. ఆ కాడను మేం స్పర్ అంటాం. ఏటేటా పూలు దానికే వస్తాయి. నన్ను చూసి కాశిం లోపలికి రమ్మన్నాడు, టీ తాగి వెళ్లమన్నాడు. అతను మళ్లీ నడవలేదు. కానీ నేనున్నంతసేపట్లో ముగ్గురు నలుగురు ఆ కిటికీ దగ్గర ఆగి అతనితో మాట్లాడి వెళ్లారు.

బుట్ట కొనడానికి ఎవరొచ్చినా కిటికీ ఏ దిక్కునుందని అడగడం మా పనిలో మామూలే. ఇంట్లో ఎవరు, ఎక్కడ ఎక్కువసేపు కూర్చుంటారని కూడా అప్పటినుంచి అడుగుతున్నాను. కొందరు నవ్వుతారు. కొందరు మాత్రం ఒక పేరు చెబుతారు.