లెక్కలోకి రాని గాలి

నేను జహీరాబాద్‌లో ఫిట్టర్‌ని. సెలవు రోజుల్లో సైకిల్ పందేలకు పోతుంటాను. నిరుడు చలికాలం, వేగం కోసం సైకిల్‌కు వెనక డిస్క్ చక్రం కొందామని హైదరాబాద్ పోయాను. దానికి పుల్లలు ఉండవు, పళ్లెంలా పూర్తిగా మూసుకుపోయి ఉంటుంది.

"మీ దిక్కు గాలి ఎక్కువనా?" అని షాపాయన అడిగాడు.

"ఆకు గూడ కదలదు" అని చెప్పి తెచ్చుకున్నాను.

ఆ ఆదివారం దాన్ని బిగించుకొని పోతూ, చిరాగ్‌పల్లి దగ్గర హైవే మీద చెరుకు ట్రాక్టర్‌ను దాటుతుండగా కుడివైపు నుంచి లారీ దూసుకొచ్చింది. దాని గాలి, పుల్లల సందు లేని ఆ చక్రానికి తగిలి నన్ను ట్రాలీ మీదికి నెట్టింది. వెనకనే ఇంకో లారీ. పందెం సైకిల్‌కు రెండు హ్యాండిళ్లు: నా చేతులు ముందుకు చాచిన దాని మీద ఉన్నాయి, బ్రేకులేమో పక్కలకు ఉండే రెండో దానికి ఉన్నాయి. చెయ్యి తీస్తే పడతాను, తీయకపోతే ఆగలేను. చెరుకు ఆకులు చెంపను కోస్తున్నాయి.

ట్రాలీలో చెరుకు మీద కూర్చున్న ఒకామె నన్ను చూసి, "ఆపు, సైకిలాయన చక్రాల కిందికొస్తుండు" అని డ్రైవర్‌కు కేక వేసింది. ట్రాక్టర్ ఆగింది. దాని ముందు నుంచి రోడ్డు పక్క మట్టిలోకి దిగి పడ్డాను.

ఆమె దిగొచ్చి నీళ్లిచ్చింది. చక్రాన్ని వేలితో తట్టి, "సైకిల్‌కు చాట గట్టుకొని లారీల నడుమకు వస్తే ఎట్లన్నా?" అన్నది.

పుట్టినప్పటి నుంచి ఆ హైవే పక్కనే ఉంటున్నాను. షాపాయనకు జవాబు చెప్పేటప్పుడు మాత్రం చెట్లనే తలచుకున్నాను, లారీలను కాదు.