చెరో పెట్టె

ఆ స్పీకరు పెట్టె ఫోటో చూసినప్పటినుంచి నాకు కుదురు లేకుండా పోయింది. మా ఆయన కొబ్బరికాయల బేరానికి నగరం అనే పల్లెటూరు వెళ్ళి, అక్కడొక రొయ్యల చెరువు గట్టున షెడ్డులో, మేత బస్తాల కింద దాన్ని చూశారట. ఫోటో తీసి నాకు పంపి, "ఊరికే చూడు, కొనమని కాదు" అని రాశారు. ఆ రోజు షాపులో ఒకావిడ జాకెట్టుకి కుడిచేతిని ఎడమవైపు కుట్టి పాడుచేశాను.

కొత్తపేటలో నాది లేడీస్ టైలరింగ్ షాపు. మా నాన్న రేడియోలు బాగుచేసేవారు. ఆయన బల్ల పక్కనే పెరిగాను కాబట్టి సూదిలో దారం ఎక్కించడం కంటే ముందే నాకు సోల్డరింగ్ వచ్చు. మంచి పాత స్పీకర్లు కొని, బాగుచేసుకుని వినాలని ఎన్నాళ్ళనుంచో ఉంది. అయితే మా సీమలో అది తెలివైన కోరిక కాదు. ఉప్పుగాలికి ఇనుము తుప్పు పడుతుంది, చెక్క ఉబ్బుతుంది. లోపల ఊగుతూ పలికే కాగితపు కోను, దాని చుట్టూ ఉండే స్పాంజి రింగు వేలు తగిలితే చాలు, పిండిలా రాలిపోతుంది. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసీ ఆ ఆదివారం చీరకొంగు బిగించి నగరం బస్సెక్కాను.

చెరువు యజమాని నాకంటే చిన్నవాడు, మర్యాదస్తుడు. బస్తాలు తనే తీసి పక్కన పెట్టాడు. నడుమెత్తు టేకు పెట్టె. ముందరి గుడ్డ చిరిగిపోయింది, స్పాంజి ఎప్పుడో రాలిపోయింది. కానీ కోను కాగితం ఎక్కడా చిరగలేదు. చేతిసంచిలోంచి టార్చిలైటు బ్యాటరీ తీసి వెనక తీగలకు తాకించాను.

"షాకు కొడతాదేమోనండి అక్కగారూ!" అన్నాడతను.

కొట్టలేదు. లోపల కోను దబ్బుమని ముందుకొచ్చింది. రెండు బొటనవేళ్ళతో మెల్లగా నొక్కి చూశాను. ఎక్కడా గీసుకున్న చప్పుడు లేదు. బతికే ఉంది. 

"రెండోది ఎక్కడుందండీ?" అన్నాను.

"అన్నయ్య దగ్గరండి, అమలాపురంలో. మా నాన్నగారు ఓడలో పనిచేసే రోజుల్లో ఏదో దేశం నుంచి తెచ్చేరు. ఆయన పోయేక పంపకాల్లో అన్నీ చెరిసగం అన్నారండి పెద్దలు. స్పీకర్లు కూడా చెరోటీ."

"జతని విడదీస్తే ఎలా పలుకుతాయండీ?"

"అప్పుడు నాకది న్యాయంగానే అనిపించిందండి, ఆయ్."

"మరి అన్నయ్యగారు అమ్ముతారా?"

అతను చెరువు వైపు చూశాడు. "ఏవోనండి. మాకు మాటల్లేవు."

తనది అమ్ముతానన్నాడు కానీ, ఒక్కటి కొని లాభం లేదు. రెండోదాన్ని చూశాకే ఏ సంగతీ తేల్చుకోవాలనుకున్నాను. వారం తిరక్కుండానే అమలాపురం వెళ్ళాను.

అన్నగారు ఉద్యోగం చేసి రిటైరైన పెద్దమనిషి. ముందు గదిలో కిటికీ పక్కన పెట్టె నిలబడి ఉంది. దానిమీద పువ్వులు కుట్టిన గుడ్డ పరిచారు. గుడ్డ మీద ఇంకేమీ పెట్టలేదు, పూలకుండీ కూడా. నాకు కాఫీ ఇప్పించి, వచ్చిన పని అంతా ఓపిగ్గా విన్నారు.

"మావాడు అమ్ముతానన్నాడామ్మా?"

"ఆయ్, అన్నారండి అన్నయ్యగారూ."

ఆయన ముఖం మారిపోయింది. "వాణ్ణి అమ్ముకోనీయమ్మా. నేనమ్మను."

ఆ మాటతో నా పని అయిపోవాలి. తిరుగు బస్సులో కూర్చుని, పీడా పోయింది, ఇక ఈ ఆలోచన వద్దు అనుకున్నాను. దారిపొడుగునా అదే అనుకున్నాను. నగరం మళ్ళీ వెళ్ళకుండా మాత్రం ఉండలేకపోయాను. తమ్ముడుగారు బేరం కూడా ఆడనివ్వలేదు, మీరెంతిస్తే అంతే చాలన్నారు. పెట్టె వ్యానులోంచి దించుతూ మా ఆయన, "ఒంటెద్దుతో నాగలి కడతావా?" అన్నారు. నేను పెట్టె రెండో కొస పట్టుకుని గుమ్మంలోకి నడిచాను.

అన్నగారికి చెప్పకపోతే దాచినట్టుంటుందని ఫోన్ చేసి, మీ తమ్ముడుగారి పెట్టె నేను తీసుకున్నానండీ అన్నాను.  ఆయన వెంటనే ఫోన్ పెట్టేశారు.

పాత స్పాంజిని బ్లేడుతో గీకి, తెప్పించిన కొత్త రింగు జిగురుతో అతికించాను. తుప్పు రుద్దాను, లోపల ఎండిపోయిన కెపాసిటర్లు మార్చాను, ముందరికి పల్చటి నల్లగుడ్డ బిగించాను. నాన్న మిగిల్చిన యాంప్లిఫయరుకు తగిలిస్తే పెట్టె గంభీరంగా పలికింది. కానీ ఒక్కదాంట్లో సగం పాటే వస్తుంది, మిగతా సగం రెండోదాంట్లో. గొంతు వినపడితే వయొలిన్లు ఎటో పోయేవి. తబలా వినపడితే వేణువు ఉండేది కాదు. దాన్ని గదిలో ఈ మూలకీ ఆ మూలకీ జరుపుతూ ఉండేదాన్ని. కుట్టుమిషను ముందు కూర్చున్నా సరే, చెవి ఆ లేనివైపే ఉండేది.

ఒక మధ్యాహ్నం మా గుమ్మం ముందు ఆటో ఆగింది. అన్నగారు దిగారు. వెనక సీట్లో దుప్పటి చుట్టి, తాడుతో కట్టిన పెట్టె.

"అమ్మడానికి కాదమ్మా. జతగా ఒక్కసారి విందామని తెచ్చేను," అన్నారు.

మా ఆయనా, ఆటో అబ్బాయీ లోపలికి మోశారు. రెండూ గోడకి ఆనించి, తీగలు కలిపి పాట పెట్టాను. ఏదో వెలితి. బలం లేదు, గొంతు ఒకచోట నిలవడం లేదు. అన్నగారి ముఖం వాడిపోయింది. అనుమానం వచ్చి బ్యాటరీ తెచ్చి రెండింటికీ తాకించాను. నా పెట్టెలో కోను ముందుకొచ్చింది, ఆయన పెట్టెలో వెనక్కి పోయింది.

"లోపల తీగలు తిరగబడి ఉన్నాయండీ."

"ఒకసారి స్పాంజి మార్పించాక తీగలు ఊడిపోతే నేనే అతికేనమ్మా," అన్నారాయన చిన్నగా.

బయటి తీగలు అటుదిటు మార్చి కలిపాను. గొంతు వచ్చి రెండు పెట్టెల నడుమ, ఏమీ లేని గోడ దగ్గర, మనిషి నిలబడినట్టు నిలబడింది. మా ఆయన చేతిలో టీగ్లాసు అలాగే ఉండిపోయింది. అన్నగారు కుర్చీని కొద్దిగా పక్కకి జరుపుకున్నారు.

"సరిగ్గా మధ్యలో ఎవరు కూచోవాలని మేమిద్దరం కొట్టుకునేవాళ్ళం," అన్నారు. "మా నాన్న ఇద్దర్నీ లేవగొట్టి తను కూచునేవారు."

పాటలయ్యాక ఆయన నావైపు తిరిగారు. "నీ పెట్టె నాకిచ్చేయమ్మా."

"మీదే నాకివ్వండి అన్నయ్యగారూ," అనేశాను.

 ఆయన తన పెట్టెకి మళ్ళీ దుప్పటి చుట్టించి, ఆటోలో పెట్టించుకుని వెళ్ళిపోయారు.

నాకు కోపం వచ్చింది. ఇంత చాకిరీ నేను చేస్తే ఆయన అడగడమేమిటి? రోజంతా ఆ కోపాన్ని ఆసరాగా పట్టుకుని తిరిగాను. కానీ జత విన్న చెవికి ఒక్కటి రుచించలేదు. పాట పెట్టడం, సగంలో కట్టేయడం. కొన్నాళ్ళకి పెట్టడమే మానేశాను. అన్నగారు పోయేదాకా ఆగి రెండోది సంపాదించాలన్న ఆలోచన ఒక పొద్దున గుండీలకి కాజాలు కుడుతుంటే వచ్చింది. నా మీద నాకే అసహ్యం వేసింది. మిషను ఆపి మా ఆయనకి ఫోన్ చేసి, వ్యాను ఖాళీగా ఉందా అని అడిగాను.

అమలాపురంలో నా పెట్టెను దించి అన్నగారికి ఇచ్చేసి, ఆయన యాంప్లిఫయరుకి తీగలు నేనే కలిపి, మధ్యలో కుర్చీ ఎక్కడ వేయాలో చూపించాను. బయల్దేరుతూ, "తమ్ముడుగారికి కూడా ఒకసారి వినిపించండి," అన్నాను.

"చూద్దాంలేమ్మా," అన్నారు.

తర్వాతి వారం తమ్ముడుగారు ఫోన్ చేశారు. వెనకాల చెరువులో రొయ్యలకి గాలి అందించే చక్రాలు నీళ్ళు కొడుతున్న మోత.

"అన్నయ్య దగ్గరికి చేరిందంటగా అక్కగారూ?"

"ఆయ్, చేరిందండి."

"బాగా పలుకుతున్నాయాండి?"

"చాలా బాగా పలుకుతున్నాయి. వెళ్ళి వినండి."



"చూద్దామండి," అన్నారు.

వెళ్ళారో లేదో నాకు తెలియదు. అడగాలని ఫోన్ తీస్తాను, ఆ అన్నదమ్ముల మధ్యకి నేనెందుకని పెట్టేస్తాను. మళ్ళీ తీస్తాను.