పెండ్లాం సభకు ఏం తొడుక్కోవాలె

కరీంనగర్ల తాసీలు కచేరి చప్రాసిని నేను. నా పెండ్లాం ఆడపిల్లల బడి పంతులమ్మ. గీ రెండు ముచ్చట్లు పక్కపక్కన పెడితె జనాలకు నవ్వొస్తుండె. మా మామ ఊర్ల పంతులు. బిడ్డకు ఏడో తరగతి దాక చెప్పించి నాకిచ్చిండు. నైజాం పోయి తెలుగు బళ్లు లేసినంక, చదువుకున్న ఆడామె దొరికితె చాలు, పిలిచి కొలువిచ్చిన దినాలవి. నేను ట్రైనింగుకు తోలిన, అట్ల ఆమె పంతులమ్మ అయింది. నేను ఉన్నకాన్నే ఉన్న.

ఆంధ్రప్రదేశ్ అయిన కొత్తల ఆ బడికి పక్కా బిల్డింగు కట్టిండ్రు. తెరిచేతందుకు కలెక్టర్ సాబ్ వస్తుండన్నరు. ఇల్లిల్లు తిరిగి, తల్లులను బతిమిలాడి, పిల్లల్ని బడికి పట్టుకొచ్చింది మా ఆమెనే. అందుకని ఆమెను స్టేజి మీద కూసోబెట్టి శాలువ కప్పుతరట. ఇంటోళ్లను గూడ తోల్కరమ్మన్నరు. ఇంటోళ్లంటె ఇంకెవరు, నేనే.

గప్పటి సంది నాకు తిన్నది అరిగితె ఒట్టు. మొగడు మీటింగుకు పోతె పెండ్లాం ఏ చీర కట్టాల్నో చెప్పేతందుకు వాడకట్టు నిండ ఆడోళ్లున్నరు. పెండ్లాం మీటింగుకు మొగడు ఏం తొడుక్కోవాల్నో ఎవన్ని అడగాలె? మా దిక్కు గట్ల పోయినోడు ఎవడన్న ఉంటె కదా!

నాకున్న మంచి బట్టలంటె కచేరి బట్టలే. తెల్ల కోటు, నడుముకు ఎర్ర పట్టా, దాని మీద ఇత్తడి బిల్ల. చింతపండు పెట్టి తోమితె ఆ బిల్ల తళతళ మెరుస్తది. అది పెట్టుకొని బజార్ల నడుస్తె షావుకారు గూడ జర పక్కకు జరుగుతడు. కని అదే పెట్టుకొని సభకు పోతె, స్టేజి మీదున్న పంతులమ్మ కాస్త చప్రాసి పెండ్లాం అయిపోతది. ఆమె పరువు గంగల కలుస్తది. అది ఇడిస్తె ఇగ మిగిలింది మోకాళ్ల కాడ కుట్లేసిన ధోవతులు. పెండ్లినాటి షేర్వాని ఉన్నది గని, గుండీలు పెడితె ఊపిరాడది. పైంగ నైజాం పోయినంక అది ఏసుకుంటె ఎవడేమనుకుంటడో, అదొక ఫికర్.

పొద్దుమీకి కచేరి నుంచి రాంగనే పెట్టె తెరుసుడు, బట్టలు తీసుడు, మల్ల లోపట పెట్టుడు. "ఏం తొడుక్కోనే?" అంటె మా ఆమె "చూద్దాం తియ్యి" అనేది. ఆ "చూద్దాం" నన్ను పరేషాన్ చేసింది. రావొద్దని మొకం మీద చెప్పలేక గట్లంటుందని బుగులు పట్టుకుంది.

సభ రేపనంగ దర్జీ కాడి నుంచి కొత్త లాల్చి, పైజామ తెచ్చి నా ముంగట పెట్టింది. "ఇగో, రేపు ఇవి తొడుక్కో. కోటు వద్దు. బిల్ల అస్సలుకే వద్దు."

"బిల్ల ఏం చేసిందే నిన్ను?"

"వద్దంటె వద్దు. పెట్టెల ఉండనియ్యి."

నా పాణం సివుక్కుమన్నది. గా బిల్ల పెట్టుకున్నోడే కదనే నిన్ను ట్రైనింగుకు తోలింది, అని నోటి దాక వచ్చింది. మంచి దినం ముంగట లొల్లి ఎందుకని మింగిన.

తెల్లారి లాల్చి తొడుక్కొని షామియానాల ఆఖరి వరుసల కూసున్న. చెయ్యి ఊకూకె నడుము కాడికి పోతుంది, అక్కడ పట్టా లేదు. స్టేజి మీద పెద్దపెద్దోళ్ల పక్కన మా ఆమె తల వంచుకొని కూసున్నది. నన్ను ఎవ్వరు గుర్తుపట్టొద్దు దేవుడా అనుకుంటుంటె, మా కచేరి పెద్ద గుమాస్త, పేష్కార్, రానే వచ్చిండు.

"అరే! గీడ కూసున్నవేంది బే? చాయలిచ్చేటోడు రాలే. లే, లే!"

ఇయ్యాల నేను చప్రాసిగ రాలే సార్, అందామనుకున్న. అంతల్నే కాళ్లు వాటంతట అవే లేసినయ్. బిల్లను పెట్టెల పెట్టి వచ్చిన గని, చప్రాసి నాతోనే వచ్చిండు.

షామియానా ఎనుక పొయ్యి కాడ చాయ పోస్తుంటె చప్పట్లు వినబడ్డయ్. శాలువ కప్పుతున్నట్టున్నరు. తబుకు నిండ కప్పులు పెట్టుకొని స్టేజి ఎక్కిన. కలెక్టర్ సాబ్ కిచ్చిన, తాసీల్దార్ కిచ్చిన. ఆఖరి కుర్చీ ఆమెది. మొకం చూడకుంట, ఎవరో పరాయి మనిషికి ఇచ్చినట్టు ఇచ్చి దిగిపోవాలె అనుకున్న.

నేను ముంగటికి రాంగనే ఆమె లేసి నిలబడ్డది.

"కూసో, కూసో" అన్న పండ్ల కింది నుంచి. కూసోలే.

"ఏమైందమ్మా? కూసోండ్రి" అన్నడు తాసీల్దార్.

"మా ఇంటాయన సార్. ఆయన నిలబడ్డంక నేనెట్ల కూసుంట?"

ముంగటి వరుసంత విన్నది. దినాం చూసే నా మొకాన్ని తాసీల్దార్ అప్పుడే కొత్తగ చూసినట్టు చూసిండు. కలెక్టర్ సాబ్ ఇంకో కుర్చీ తెమ్మన్నడు. నేను కూసోలే. ఆమె చేతుల కప్పు పెట్టి, ఖాళీ తబుకు పట్టుకొని మెట్లు దిగిన.

ఇంటికి నడుసుకుంట పోంగ తొవ్వల ఇగ ఆగలే. "గంత మందిల మా ఇంటాయన అన్నవు. మరి బిల్ల ఎందుకు వద్దన్నవే? సిగ్గయితదనే కదా?"

ఆమె నడిమి తొవ్వల ఆగిపోయింది. "సిగ్గా? నీకు మతి గిట్ల పోయిందా? బిల్ల కనబడితె వాళ్లు నిన్ను కూసోనిస్తరా? పొద్దందాక ఆళ్ల తలుపు కాడ నిలబడే మనిషివి. ఒక్క పూటన్న కుర్చీల కూసొని నన్ను చూస్తవని గీ లాల్చి కుట్టిచ్చిన."

నాకు ఏడుపొచ్చింది. "శాలువ కప్పంగ నేను చూడనే లేదే. పొయ్యి కాడ ఉన్న" అన్న.

ఇల్లు చేరినంక ఆమె నా రెట్ట పట్టి అరుగు మీద కూసోబెట్టింది. మడత పెట్టిన శాలువ ఇప్పి, తన భుజాల మీద తనే కప్పుకొని నా ముంగట నిలబడ్డది.

"ఇగ చూడు" అన్నది.