ఆషాఢంలో తూటాల పొదుపు

పరువు పోగొట్టుకోవడానికి కొందరికి జన్మంతా పడుతుంది. నాకు ఒక ఆషాఢ మధ్యాహ్నం సరిపోయింది. అదీ సొంత కొట్లో, కొత్త అల్లుడి ఎదుట, సంచి నిండా తూటాలుండగా ఒక్కటీ పేల్చకుండా దయ్యాల చేతిలో చచ్చి! తణుకు బజారు పుట్టిన దగ్గర్నుంచీ ఏ పప్పుల వ్యాపారీ ఇంత దిక్కుమాలిన చావు చచ్చి ఉండడు. ఇప్పుడు డెబ్భై దాటిన వాణ్ణి, ఇక పోయే పరువేమీ మిగల్లేదు గనక ధైర్యంగా చెబుతున్నాను.

తొంభైల చివర్లో మా బావమరిది సింగపూరు నుంచి వస్తూ మా అమ్మాయి కనక కోసం టీవీకి తగిలించుకునే గేమ్ పెట్టె ఒకటి తెచ్చాడు. ఇంట్లో టీవీ మా ఆవిడ సత్యవతి సీరియళ్ళకి శాశ్వతంగా రాసిచ్చేశాం. అందుకని పెట్టె కొట్టుకి చేరింది. కొట్టు వెనకగదిలో కందిపప్పు బస్తాలకీ బెల్లం దిమ్మలకీ మధ్య ఒక పాత టీవీ ఉండేది. మధ్యాహ్నం ఒంటిగంటకి బజారంతా షట్టర్లు దించి, భోంచేసి, కునుకు తీసి, నాలుగింటికి మళ్ళీ తెరవడం మా ఊరి ఆనవాయితీ. కనక నాకు క్యారేజీ తెచ్చేది. నేను భోంచేసేవాణ్ణి. ఇక కునుకు స్థానంలో దయ్యాలు వచ్చేవి.

ఆ ఆట ఇంగ్లీషు పేరు నాకెప్పుడూ నోరు తిరగలేదు. మేం ‘బంగళా’ అనేవాళ్ళం. పాడుబడ్డ బంగళాలో ఒక మనిషి చిక్కుకుంటాడు. చచ్చి లేచినవాళ్ళు గదికొకరు. వాళ్ళేమీ పరుగులు పెట్టరు పాపం, అన్నవరం కొండ మెట్లెక్కే ముసలమ్మల్లా ఆగి ఆగి వస్తారు. మరి భయమెందుకూ అంటారా? అందులో భయం దయ్యాలది కాదండీ, సరుకు లేకపోవడానిది! నాలుగు గదులు వెతికితే నాలుగు తూటాలు దొరికితే గొప్ప. అవి అయిపోతే మళ్ళీ ఎక్కడ దొరుకుతాయో దేవుడికే తెలియాలి. తుపాకీ ఉందని సంబరపడ్డవాడు మూడో గదిలో పోతాడు.

ఆ సంగతి అర్థమైన క్షణంలో నాకనిపించింది, ఈ ఆట ఎవడో కిరాణా కొట్టువాడు కనిపెట్టి ఉంటాడని. సరుకు రాని రోజుల్లో ఉన్నదాన్ని సర్దడం మా తాతల నాటి విద్య కదా! కూర్చుని కాలిస్తే కొండంత తూటాలైనా కరుగుతాయి. అందుకని నేను కాల్చను. దయ్యం కుడినుంచి వస్తే ఎడమనుంచి, ఎడమనుంచి వస్తే బల్ల చుట్టూ తిరిగి, మర్యాదగా తప్పుకుని పోతాను. అలా మొదటి భాగమంతా ఒక్క తూటా పేల్చకుండా పూర్తి చేశాను.

సరే, ఒక్కటీ పేల్చకుండా కాదు. కొన్ని పేల్చాం. ‘పేల్చాం’ అని ఎందుకన్నానంటే, తలుపు కిర్రుమని తెరుచుకునేటప్పుడు రిమోటు కనక చేతిలో పెట్టి, “గల్లాపెట్టెకి తాళం వేశానో లేదో చూసొస్తానమ్మా” అని ముందుగదిలోకి వెళ్ళిపోయేవాణ్ణి. ఆ తాళం అన్నిసార్లు చూసుకున్న వ్యాపారి ఈ జిల్లాలో మరొకడుండడు.

“నాన్నా, దయ్యం పడిపోయింది, రావచ్చు” అని పిలిచేది కనక.

“ఎన్ని బుల్లెట్లు ఖర్చుపెట్టావు?”

“రెండు.”

“రెండా! ఒకటితో అయ్యేదిగా!”

రేకు మీద వాన చప్పుడు, బస్తాల్లోంచి ధనియాల వాసన, టీవీ వెలుగులో మా ఇద్దరి మొహాలూ. రెండో భాగం వచ్చింది, మూడో భాగం వచ్చింది. ఇంటర్ అయింది, డిగ్రీ అయింది. తర్వాత కనకని పాలకొల్లులో స్టీలు సామాన్ల కొట్టువారి అబ్బాయి ప్రసాదుకిచ్చి పెళ్ళి చేశాం. క్యారేజీ సత్యవతి తేవడం మొదలుపెట్టింది. గేమ్ పెట్టె మీద శనగపిండి దుమ్ము పేరుకుంది. మధ్యాహ్నాలు కునుకు తీద్దామని పడుకుంటే నిద్రొచ్చేది కాదు.

అంతలో ఆషాఢం వచ్చింది. కొత్త కోడలు అత్తగారింట ఉండకూడదు, కొత్త అల్లుడు అత్తగారి గడప తొక్కకూడదు. కనక పుట్టింటికొచ్చేసింది! ఈ ఆచారం పెట్టిన మహానుభావుడెవరో గానీ, తప్పకుండా ఆడపిల్ల తండ్రి అయ్యుంటాడు. నెల్లాళ్ళు కనక నాది, కొట్టు నాది, దయ్యాలు మా ఇద్దరివీ. దుమ్ము దులిపి మొదటి భాగం నుంచి మళ్ళీ మొదలుపెట్టాం.

ఒకరోజు కనక రాలేదు. ఆషాఢం గోరింటాకు పెట్టుకుని రెండు చేతులూ ఎండబెట్టుకుంటోందట. నేనొక్కణ్ణే ఆకలితో క్యారేజీ కోసం చూస్తున్నాను. సగం దించిన షట్టరు కింద రెండు కాళ్ళు కనబడ్డాయి.

“ఎవరండీ? నాలుగింటికి రండి.”

“నేనేనండి మావయ్యగారూ, ప్రసాదుని.”

నేను బస్తా మీంచి లేచాను. “అల్లుడుగారూ! ఆషాఢమండీ!”

అతను వంగి లోపలికొచ్చి, నవ్వుతూ చెప్పులు విప్పాడు. “అత్తగారి గడప తొక్కకూడదన్నారు గానీ, మావగారి షట్టరు దాటకూడదని ఎవరూ అనలేదు కదండీ?”

ఆలోచిస్తే నిజమే. కొట్టుకి గడపెక్కడుంది! శాస్త్రం తెలిసినవాళ్ళెవరినైనా అడుగుదామంటే బజారంతా కునుకులో ఉంది. ఈలోగా ప్రసాదు చేతిసంచిలోంచి కొత్త గేమ్ పెట్టె, నిగనిగలాడే డిస్కు బయటికి తీశాడు.

“బంగళా నాలుగో భాగమండి. రాజమండ్రిలో దొరికింది. మీరు ఇందులో మొనగాడని కనక చెబుతూ ఉంటుంది.”

చూశారా, ‘మొనగాడు’ అన్న మాట ఎంత ప్రమాదమో! కాకిని పాడమంటే పాడింది, నన్ను పొగిడితే ఆడాను.

“ఏదోలెండి. మొదటి భాగం ఒక్క బుల్లెట్టూ వాడకుండా పూర్తిచేశాను” అన్నాను.

“అబ్బో! అయితే చిన్న పందెం వేసుకుందామాండి? చెరో ఆటా ఆడదాం. ఎక్కువసేపు బతికినవాళ్ళు గెలిచినట్టు. నేను గెలిస్తే ఈ సాయంత్రం కనకని సినిమాకి పంపించాలి. నేనూ వెళ్తాననుకోండి.”

“నేను గెలిస్తే?”

“శ్రావణం వచ్చేదాకా తణుకులో కాలు పెట్టనండి.”

ఆహా! ఈ కుర్రాడు ఇలా వారానికోసారి షట్టరు కింద దూరుతుంటే నా నెల్లాళ్ళూ ఏమవుతాయి? దొరికిన సందు ఇప్పుడే మూసేయాలి. పైగా ఓడిపోయే ప్రసక్తే లేదు. “సరే!” అన్నాను.

“ముందు మీరు కానివ్వండి, పెద్దవారు.”

“అబ్బే, మీరు కానివ్వండి, అల్లుడుగారు.”

మా జిల్లా మర్యాద కదా, చాలాసేపు దయ్యాలు మాకోసం ఎదురుచూశాయి. చివరికి ప్రసాదే రిమోటు అందుకున్నాడు.

ఈసారి బంగళా లేదు. ఒక ఊరు. కథానాయకుడు దర్జాగా జాకెట్టేసుకుని వీధిలో నడుస్తున్నాడు. ఇంతలో ఊరి జనమంతా కొడవళ్ళూ పారలూ పట్టుకుని, రావులపాలెం అరటి మార్కెట్లో వేలంపాట మొదలైనట్టు ఒక్కసారిగా అరుస్తూ మీదపడ్డారు. ప్రసాదు కాల్చడం మొదలెట్టాడు. దీపావళికి కూడా అంత చప్పుడు వినలేదు నేను.

“అల్లుడుగారూ! నెమ్మది! ఒక్కొక్కడికి అన్నేసి బుల్లెట్లా? అలా అయితే సంసారం ఎలా చేస్తారండీ!”

“వాళ్ళు పడిపోతే వాళ్ళ దగ్గర్నుంచే మళ్ళీ వస్తాయండి. అదిగో చూడండి, పెట్టె.”

“దయ్యాలు కొసరు కూడా వేస్తాయా?”

“ఇందులో అంతేనండి. ఇది భయపడే ఆట కాదు మావయ్యగారూ, కొట్టే ఆట.”

నేను నమ్మలేదు. ఏదో అదృష్టం కలిసొచ్చిందనుకున్నాను. సరుకు ఊరికే రాలిపడే బజారు లోకంలో ఉంటుందంటే ఏ వ్యాపారి నమ్ముతాడు చెప్పండి? అతను చాలాసేపు వీధంతా ఊడ్చి, చివరికి రంపం మిషను పట్టుకున్న ఒక బలిష్ఠుడి చేతిలో పోయాడు. “ఇక మీరండి” అన్నాడు.

నేను బస్తా మీద సర్దుకు కూర్చున్నాను. నా ఎత్తు సిద్ధంగా ఉంది. తప్పుకోవడం, దాచుకోవడం. వీధిలోకి వెళ్ళాను. దయ్యం కుడినుంచి వచ్చింది, ఎడమకి తిరిగాను. వదల్లేదు! అదీ ఎడమకే తిరిగింది. పరుగెత్తాను, అదీ పరుగెత్తింది. ఒక ఇంట్లో దూరి తలుపేశాను, తలుపు విరగ్గొట్టారు. నిచ్చెనెక్కి పైకప్పు మీదికి చేరాను, వెనకాలే నలుగురు ఎక్కారు.

“కాల్చండి మావయ్యగారూ!”

“ఉండండి! ముందు పెద్దది వస్తుంది. దానికి ఉంచాలి.”

“ఇక్కడే పోతే పెద్దదెలా చూస్తారండీ! కాల్చండి!”

“మీకు తెలీదు అల్లుడుగారూ! బుల్లెట్టు తొందరపడితే...”

“కాల్చండీ! కాల్చండీ!”

సరిగ్గా అప్పుడు షట్టరు ధడాలుమని పైకి లేచింది. క్యారేజీ చేత్తో పట్టుకుని సత్యవతి. టీవీలో నా మనిషి నేలమీద బోర్లా పడి ఉన్నాడు. పక్కన సంచి బొమ్మ కనిపిస్తోంది, నిండుగా, ఒక్క తూటా తగ్గకుండా.

ఆవిడ ప్రసాదుని చూసింది. నన్ను చూసింది. ఆషాఢం గంగలో కలిసిందని నేను కళ్ళు మూసుకున్నాను. ఆవిడ కొంగు భుజం చుట్టూ కప్పుకుంది.

“అల్లుడుగారు ఎప్పుడొచ్చారండీ?” అని నన్నడిగింది.

“ఇందాక...”

“భోంచేశారా?”

నేను రిమోటు బస్తా వెనక్కి జార్చాను.

“ఏవండీ, మీకసలు బుద్ధుందా! ఊళ్ళోకొచ్చిన అల్లుడికి పట్టెడన్నం పెట్టకుండా కడుపు ఎండగట్టి, దయ్యాలతో కూర్చోబెట్టారా? రేపు పాలకొల్లులో వదినగారు అడిగితే నేను తలెత్తుకోగలనా?”

“ఆషాఢం కదే...”

“ఆషాఢంలో గడప తొక్కకూడదన్నారు, కడుపు మాడ్చమనలేదు! ఆ మూలనున్న అరిటాకు ఇలా ఇవ్వండి.”

నా క్యారేజీ నా కళ్ళముందే విప్పి, బస్తా మీద అరిటాకు పరిచి అల్లుడికి వడ్డించేసింది. ముద్దపప్పు, గుత్తివంకాయ, ఆఖరికి నా వంతు అప్పడం కూడా.

“నాకో?”

“మీరు ఇంటికెళ్ళి పులుసు, పెరుగు, నెయ్యి పట్రండి. అమ్మాయిని కూడా తీసుకురండి. వాళ్ళాయన తింటుంటే వడ్డించడానికి ఉండొద్దూ!”

వానలో గొడుగేసుకుని ఖాళీ కడుపుతో ఇంటికి నడిచాను. పందెం ఓడి కూతుర్ని సినిమాకి పంపాలన్నది ఒక బాధ అయితే, పందెంతో పని లేకుండానే మా ఆవిడ ఆషాఢాన్ని అప్పడంలా విరిచేయడం ఇంకో బాధ. వెళ్ళేసరికి కనక గుమ్మంలో నిలబడి ఉంది. గోరింటాకు కడిగేసుకుంది, కొత్త చీర కట్టుకుంది, తలలో సన్నజాజులు, చేతిలో పెరుగుగిన్నె సిద్ధం.

నన్ను చూడగానే అడిగింది. “నిచ్చెన దగ్గరే చచ్చిపోయావా నాన్నా?”

నేను గుమ్మంలోనే ఆగిపోయాను. “నీకెలా తెలుసు?”

“పాలకొల్లులో నేనూ ఆడానుగా. నువ్వు బుల్లెట్టు తియ్యవు, నిచ్చెన దాటవు. నువ్వెంతదాకా బతుకుతావో లెక్క చూసుకున్నాకే ఆయన్ని పందెం కట్టమన్నాను.”

ఆ పిల్ల చేతులు చూశాను. ఎర్రగా పండాయి, చూడముచ్చటగా. ఇక ఏం తిడతాను? గొడుగు తనకిచ్చి నేను తడిశాను.

ఆ మధ్యాహ్నం సినిమా వేళయ్యేదాకా మొగుడూ పెళ్ళాం బస్తాల మీద పక్కపక్కన కూర్చుని, ఊరంతటినీ కాల్చి పడేశారు. మా సత్యవతి కూడా నిలబడి, “అదిగో, ఎడంపక్క వాణ్ణి వదిలేశావే!” అని అరిచింది. ఎవరూ భయపడలేదు. ఎవరూ గల్లాపెట్టె తాళం చూసుకోవడానికి లేవలేదు. నేను మాత్రం ఓ మూల కూర్చుని, అడుగున మిగిలిన పులుసన్నం తింటూ, పాత బంగళాలో కిర్రుమనే ఆ తలుపులు తలుచుకున్నాను. ఆ తర్వాత వచ్చిన భాగాలన్నీ ఇలాగే మోత మోగిపోయాయి. నాకు మాత్రం, రెండు తూటాలతో ఇద్దరం ఊపిరి బిగబట్టి కూర్చున్న ఆ చీకటిగదే ఆట.

అందుకని ఆ కందిపప్పు బస్తా మీద చెయ్యేసి గట్టిగా ఒట్టేసుకున్నాను. ఇక జన్మలో అల్లుడితో పందెం కట్టను. ఆషాఢాన్ని అడ్డం పెట్టుకుని కూతుర్ని దాచుకోను. ఏ ఆటలోనూ, ఎంత కష్టమొచ్చినా తూటాలు దాచను. ఆ ఒట్టు ఇవాళ్టిదాకా తప్పలేదు.

పెద్ద తుపాకీవి మాత్రం కొన్ని ఉంచుతున్నాను. ముందు ఏమొస్తుందో ఎవరికి తెలుసండీ?